బాస్కెట్‌బాల్‌లో రీబౌండ్ – శారీరక అంశాలు

బాస్కెట్‌బాల్ ఆటలో బుట్టలో పడకుండా రింగుకో బోర్డుకో తగిలి వెనుదిరిగిన బంతిని చేజిక్కించుకోవడాన్ని రీబౌండ్ అంటారు. ఎదుటి జట్టు గురి తప్పినపుడు పట్టుకొన్నది డిఫెన్సివ్ రీబౌండ్. తమ జట్టు గురి తప్పినపుడు మళ్ళీ తామే పట్టుకొన్నది అఫెన్సివ్ రీబౌండ్. మొదటిది ఎదుటివారి దాడిని ముగిస్తుంది. రెండవది తమ జట్టుకు మరొక అవకాశాన్ని ఇస్తుంది. రీబౌండ్ పట్టడంలో ఆటగాడి ఎత్తు, చేతుల పొడవు, గెంతే శక్తి, బరువు, కాళ్ళ బలం, చేతి పట్టు, అలసటను తట్టుకొనే గుణం ముఖ్యమైన శారీరక అంశాలు. వీటిలో ఎత్తుకే అధిక ప్రాధాన్యం ఇచ్చే అలవాటు మన పాఠశాలలలోను, కళాశాలలలోను ఉన్నది. ఈ అలవాటు ఎంతవరకు సమంజసమో కొలతలను బట్టి తెలుసుకోవచ్చును.

ఎత్తు, అందుకోలు

రింగు నేల నుండి 3.05 మీటర్ల (10 అడుగుల) ఎత్తున ఉంటుంది. రింగు లోపలి వ్యాసం 45 సెం.మీ., పురుషుల బంతి వ్యాసం దాదాపు 24 సెం.మీ. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించినపుడు పండ్ల బుట్టలను వ్యాయామశాల మేడ అంచుకు కొట్టించాడు. ఆ అంచు పది అడుగుల ఎత్తున ఉండడమే నేటికీ కొలతగా నిలిచింది.

నిలబడి చెయ్యి పైకి చాచినపుడు వేళ్ళ కొసలు చేరే ఎత్తును అందుకోలు అనవచ్చు. సాధారణంగా ఇది మనిషి ఎత్తుకు 1.3 రెట్లు ఉంటుంది. 175 సెం.మీ. ఎత్తున్న యువకుడి అందుకోలు ఇంచుమించు 2.25 నుండి 2.30 మీటర్లు. అతడు 60 సెం.మీ. గెంతగలిగితే అతని వేళ్ళు 2.85 - 2.90 మీటర్లకు చేరతాయి. అంటే రింగును అందుకోలేడు, కాని రింగు నుండి జారిన బంతిని ఒక జానెడు కిందనే అందుకోగలడు. రీబౌండ్లలో ఎక్కువభాగం రింగుకు దిగువనే పట్టబడతాయి కనుక రింగును తాకలేకపోవడం ఒక అనర్హత కాదు.

ఇక్కడ ఎత్తు కన్నా చేతుల పొడవు ముఖ్యం. రెండు చేతులూ చాచినపుడు కొస నుండి కొసకు ఉండే కొలత చాలామందిలో ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. కొందరిలో ఇది ఎత్తును మించి ఉంటుంది. అమెరికా వృత్తి క్రీడాకారుడు కవై లెనార్డ్ ఎత్తు 201 సెం.మీ. కాగా చేతుల విస్తారం 221 సెం.మీ. ఒకే ఎత్తున్న ఇద్దరిలో మెడ పొట్టిగా, భుజాలు ఎత్తుగా, చేతులు పొడుగ్గా ఉన్నవానికే బంతి ముందు అందుతుంది. తలపైన స్కేలు పెట్టి ఎత్తు కొలిచే పద్ధతిలో ఈ తేడా కనిపించదు.

ప్రపంచ దేశాలతో పోలిస్తే భారతీయుల సగటు ఎత్తు తక్కువ. 2016లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 1996లో పుట్టిన భారతీయ పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెం.మీ., స్త్రీలది సుమారు 153 సెం.మీ. అదే అధ్యయనంలో నెదర్లాండ్స్ పురుషుల సగటు 182 సెం.మీ. పైమాటే. కాబట్టి తెలుగు నేలపై ఆడే పిల్లలకు ఎత్తు ఒక్కటే ఆధారమైతే ఈ ఆటలో చోటు ఉండదు. అయితే లెక్క అంతటితో ముగియదు.

పది సెంటీమీటర్లు ఎంత కాలం?

గెంతు ఎత్తు, నేలను విడిచే వేగంపై ఆధారపడుతుంది. 60 సెం.మీ. గెంతడానికి శరీరం సెకనుకు సుమారు 3.4 మీటర్ల వేగంతో పైకి లేవాలి. అప్పుడు గాలిలో గడిపే కాలం మొత్తం 0.7 సెకన్లు. ఇందులో ఒక విశేషమున్నది. గెంతులోని పై పావుభాగంలోనే (అంటే ఆఖరి 15 సెం.మీ. లోనే) ఆటగాడు సగం కాలం గడుపుతాడు. గొప్పగా గెంతేవారు గాలిలో ఆగిపోయినట్లు కనిపించడానికి కారణం ఇదే గాని వేరే మాయ కాదు.

ఇప్పుడు బంతి సంగతి. రింగుకు తగిలి ఒక మీటరు పైకి లేచి కిందికి పడుతున్న బంతిని ఊహించండి. ఒక ఆటగాడు దానిని 2.95 మీటర్ల వద్ద అందుకోగలడు. మరొకడు 10 సెం.మీ. తక్కువగా, 2.85 మీటర్ల వద్ద అందుకోగలడు. బంతి ఈ పది సెంటీమీటర్లు దిగడానికి పట్టే కాలం 0.02 సెకన్లు, అనగా సెకనులో యాభయ్యవ వంతు. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఒకే క్షణంలో గెంతితే పొడుగువానిదే బంతి. కాని మనిషి ఒక సంకేతాన్ని కంటితో చూసి కదలడానికే దాదాపు 0.2 సెకన్లు పడుతుంది. షాట్ వేసినవాని చేతిని, బంతి పోతున్న తీరును చూసి పదో వంతు సెకను ముందుగా కదిలినవాడు ఎత్తులోని తేడాకు ఐదు రెట్ల కాలాన్ని సంపాదిస్తాడు. ఒక అడుగు ముందుకు వేసి మంచిచోట నిలబడడానికి ఆ కాలం ఉపయోగపడుతుంది.

రింగు నుండి నెమ్మదిగా జారే బంతి విషయంలో మాత్రం ఎత్తు బలం పెరుగుతుంది. అప్పుడు బంతి వేగం తక్కువగా ఉండి అదే పది సెంటీమీటర్లకు ఎక్కువ సమయం పడుతుంది. పైగా అంతర్జాతీయ సమాఖ్య (ఫీబా) నియమాల ప్రకారం బంతి రింగుకు తగిలిన తరువాత అది రింగుపైనే ఉన్నా ఆటగాడు దానిని తాకవచ్చు. ఇది పొడుగువారికి అదనపు వెసులుబాటు. అమెరికా వృత్తి పోటీలైన ఎన్.బి.ఏ.లో ఈ స్వేచ్ఛ లేదు.

గెంతు

గెంతులో తొడ, పిరుదు, పిక్క కండరాలు ప్రధానపాత్ర వహిస్తాయి. మోకాళ్ళు త్వరగా వంచి వెంటనే లేచినపుడు కండరాలు, వాటి చివర ఉండే స్నాయువులు సాగి, సాగిన రబ్బరులాగా కొంత శక్తిని తిరిగి ఇస్తాయి. వంగి ఆగి, తరువాత లేస్తే ఆ లాభం పోతుంది. చేతుల ఊపు కూడా గెంతును పదోవంతు వరకు పెంచుతుంది.

అయితే బుట్ట కింద నలుగురైదుగురు కిక్కిరిసి ఉన్నపుడు చేతులు ఊపడానికి చోటుండదు, పరుగెత్తి వచ్చే వీలూ ఉండదు. చేతులు అప్పటికే భుజాలపైకి ఎత్తి ఉంటాయి. అందువలన గోడ పక్కన చేతులు ఊపి గెంతిన కొలత రీబౌండ్ శక్తికి సరైన కొలమానం కాదు. చేతులు పైకెత్తి ఉంచి, ఒక్క అడుగు కూడా వేయకుండా గెంతిన కొలతే దానికి దగ్గరగా ఉంటుంది. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. వేళ్ళకు సుద్దపొడి అద్దుకొని గోడపై నిలబడి ఒక గుర్తు, గెంతి ఒక గుర్తు పెట్టి, రెండింటి మధ్య దూరాన్ని టేపుతో కొలిస్తే చాలును.

రెండవ గెంతు మరీ ముఖ్యం. బంతి ఒక్కసారికే చేతికి చిక్కదు; వేళ్ళకు తగిలి ఎగురుతుంది, మరొకరి చేతికి తగిలి పక్కకు పోతుంది. నేలకు దిగిన మరుక్షణంలో, ఊపిరి తీసుకోకుండా, తిరిగి అదే ఎత్తుకు లేవగలవానికి అది దక్కుతుంది. ఒకే ఒక్క గొప్ప గెంతు గెంతి మోకాళ్ళు పట్టుకొని నిలబడేవానికన్నా మధ్యస్థంగా మూడుసార్లు వెంటవెంటనే లేచేవాడు ఈ పనికి మేలు. ఎన్.బి.ఏ.లో 1991-92 నుండి 1997-98 వరకు వరుసగా ఏడు సీజన్లలో రీబౌండ్లలో ప్రథముడిగా నిలిచిన డెన్నిస్ రాడ్‌మన్ ఎత్తు 201 సెం.మీ. మాత్రమే. ఆ లీగులో బుట్ట కింద ఆడేవారిలో ఇది పొట్టి కిందనే లెక్క. 1991-92లో అతని సగటు ఆటకు 18.7 రీబౌండ్లు. సహ ఆటగాళ్ళు వేసిన షాట్లు ఎలా తిరుగుతూ ఏ పక్కకు పోతాయో గమనించి సాధన చేసేవాడినని 2020లో వచ్చిన ది లాస్ట్ డాన్స్ డాక్యుమెంటరీలో అతడు వివరించాడు. అంతకు ముందు 1986-87లో ఈ స్థానం పొందిన చార్లెస్ బార్క్‌లీ ఇంకా పొట్టివాడు. లెక్కలలో 198 సెం.మీ. అని ఉన్నా అసలు ఎత్తు అంతకన్నా తక్కువని అతడే చెప్పుకొన్నాడు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉన్నది. 216 సెం.మీ. ఎత్తున్న విల్ట్ ఛాంబర్లెయిన్ 1960 నవంబరు 24న ఒకే ఆటలో 55 రీబౌండ్లు పట్టాడు. ఆనాడు అతనికి ఎదురు నిలిచినవాడు మరొక మహా రీబౌండరు బిల్ రస్సెల్. ఈ రికార్డు నేటికీ చెదరలేదు. ఆ రోజులలో షాట్లు ఎక్కువగా వేసేవారు, గురి తప్పేవి కూడా ఎక్కువే. కనుక ఆ అంకెలను నేటి అంకెలతో నేరుగా పోల్చరాదు.

చోటు, బరువు, నడుము

రీబౌండ్‌లో సగం పని నేలమీదనే జరుగుతుంది. ప్రత్యర్థికీ బుట్టకూ మధ్య తన వీపును అడ్డుపెట్టి నిలబడడాన్ని బాక్స్ ఔట్ అంటారు. పాదాలు భుజాలకన్నా వెడల్పుగా ఉంచి, మోకాళ్ళు వంచి, నడుము దించినపుడు శరీరపు గురుత్వకేంద్రం కిందికి వస్తుంది. అలా నిలబడినవానిని కదిలించడం కష్టం. కబడ్డీ ఆడినవారికి ఇది ఒకరు చెప్పనక్కరలేదు. కాలు పట్టుబడినపుడు నడుము దించి నేలను తన్నిపట్టే అలవాటే ఇక్కడ కూడా పనికి వస్తుంది. పల్లెలలో వాలీబాల్ ఆడి వచ్చిన పిల్లలు గెంతులో ముందుంటారు గాని నెట్టుకొనే చోట తడబడతారు, వాలీబాల్‌లో ప్రత్యర్థి వల అవతల ఉంటాడు కదా.

బరువు ఇందులో సాయపడుతుంది. పాదానికీ నేలకూ మధ్య పట్టు, శరీర బరువుతోపాటు పెరుగుతుంది. 201 సెం.మీ. ఎత్తు, 110 కిలోల పైచిలుకు బరువున్న వెస్ అన్‌సెల్డ్ 1974-75లో ఎన్.బి.ఏ. రీబౌండ్లలో ప్రథముడు కావడానికి అతని దిట్టమైన దేహం ఒక కారణం. కాని ఆ బరువు కండ అయి ఉండాలి. కొవ్వు పెరిగితే పైకి లేపవలసిన భారమే పెరుగుతుంది, లేపే బలం పెరగదు. నెట్టడం, చేతులతో పట్టి ఆపడం ఫౌల్ అవుతాయి. ముందుగా చేరిన చోటులో నిటారుగా నిలిచి, తన పైనున్న గాలిలోకి గెంతే హక్కు మాత్రం ప్రతి ఆటగాడికీ నియమాలు ఇస్తున్నాయి.

బంతి ఎక్కడ పడుతుందన్నది షాట్ దూరాన్ని బట్టి ఉంటుంది. దూరం నుండి వేసిన షాట్లు దూరంగానే ఎగిరిపడతాయి. ఒక పక్కనుండి వేసినవి తరచుగా అవతలి పక్కకు పోతాయి. ఫీబా పోటీలలో 2010 నుండి మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లకు జరిగింది. అటువంటి షాట్లు పెరిగేకొద్దీ బుట్ట కింద నిలిచే పొడుగువాళ్ళతోపాటు, పరుగెత్తి బంతిని చేరుకొనే మధ్యస్థ ఎత్తువారికి కూడా రీబౌండ్లు పెరిగాయి. ఇక్కడ కావలసింది మొదటి రెండు మూడు అడుగుల వేగం.

చేతి పట్టు

పురుషుల బంతి చుట్టుకొలత 75 - 78 సెం.మీ., స్త్రీల బంతిది 72 - 74 సెం.మీ. వేళ్ళు పొడవుగా, అరచేయి వెడల్పుగా ఉన్నవారు ఒంటిచేత్తోనే బంతిని దింపుకోగలరు. మిగిలినవారు రెండు చేతులూ వాడాలి. అలా వాడితే ఒంటిచేతి అందుకోలు కంటే కొంత తగ్గుతుంది, కాని పట్టిన బంతి జారిపోదు. ముంజేయి బలం సాధనతో త్వరగా పెరిగే అంశాలలో ఒకటి. పట్టిన బంతిని పొట్ట దగ్గరకు దించుకోవడం పిల్లల్లో తరచు కనిపించే పొరపాటు. అక్కడ పొట్టివారి చేతులు కూడా దానిని లాగేయగలవు. గడ్డం కింద, మోచేతులు పక్కలకు ఉంచి పట్టుకోవడం శ్రేయస్కరం.

అలసట

ఫీబా నియమాల ప్రకారం ఆట పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. గెంతుకు కావలసిన శక్తి కండరాలలో నిల్వ ఉండే ఫాస్ఫేట్ పదార్థాలనుండి కొన్ని సెకన్లలో వస్తుంది, అవి పూర్తిగా తిరిగి నిండడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. దమ్ము ఉన్నవానిలో ఈ నింపకం త్వరగా జరుగుతుంది. నాలుగవ భాగంలో, మొదటి భాగంలో గెంతినంత గెంతగలిగినవాడే గట్టి రీబౌండరు. అఫెన్సివ్ రీబౌండ్ పట్టిన జట్టుకు షాట్ గడియారం పూర్తి 24 సెకన్లు కాక 14 సెకన్లు మాత్రమే ఇస్తారు. ఈ మార్పును ఫీబా 2014లో, ఎన్.బి.ఏ. 2018లో చేశాయి. ఆట మరింత వేగవంతమై అలసట పాత్ర ఇంకా పెరిగింది.

శరీరపు నీరు బరువులో రెండు శాతం మేర తగ్గితే శక్తి, చురుకుదనం మందగిస్తాయి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలలలో కొన్ని రోజులు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేసవి శిక్షణ శిబిరాలను తెల్లవారుజామున నిర్వహించడం ఇందుకే. 50 కిలోల పిల్లవాడు ఒక కిలో చెమట కోల్పోతే ఆ రెండు శాతం నిండినట్లే. ఆటకు ముందు, తరువాత బరువు తూచుకొంటే ఎంత నీరు తాగవలసి ఉన్నదో తెలుస్తుంది. మజ్జిగలో ఉప్పు కలిపి తాగే మన ఇంటి పద్ధతి ఇందుకు చక్కగా సరిపోతుంది.

ఎస్.ఆర్. నగర్ పరిసరాలలో

హైదరాబాదులోని సంజీవరెడ్డి నగర్ (ఎస్.ఆర్. నగర్) మాజీ రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి పేర వెలసిన కాలనీ. పక్కనే ఉన్న అమీర్‌పేట శిక్షణ కేంద్రాలకు, వసతి గృహాలకు పేరుపొందింది. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుండి ఇరవై ఏళ్ళు దాటిన యువతీయువకులు ఇక్కడికి వస్తారు. వీరిలో ఎత్తు పెరిగే వయసు దాదాపు అందరికీ దాటిపోయి ఉంటుంది. కాళ్ళ బలం, గెంతు, దమ్ము, పట్టు మాత్రం ఈ వయసులోనే సాధనకు బాగా లొంగుతాయి. రోజంతా కంప్యూటరు ముందు కూర్చొనేవారిలో తుంటి ముందు భాగపు కండరాలు బిగుసుకొంటాయి. వారు కోర్టులోకి దిగగానే గెంతులు మొదలుపెట్టక కొంతసేపు నడక, నెమ్మది పరుగు, తొడ కండరాలను సాగదీసే కసరత్తులు చేయడం అవసరం.

ఇటువంటి ఇరుకు పేటలలో అసలు సమస్య స్థలం. అంతర్జాతీయ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ వదలవలసిన జాగా లెక్కించకుండానే ఇది 500 చదరపు గజాలు. ఈ ప్రాంతంలో అంత స్థలం ఉంటే అక్కడ అయిదంతస్తుల భవనం లేస్తుంది గాని రెండు రింగులు నిలబడవు. ముగ్గురు - ముగ్గురు ఆడే 3×3 ఆటకు మాత్రం 15 మీటర్లు, 11 మీటర్లు గల సగం కోర్టు, ఒకే రింగు చాలు. అంటే దాదాపు 200 గజాలు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇది తొలిసారిగా పతకపు ఆట అయింది. ఇందులో షాట్ గడియారం 12 సెకన్లు. బంతి చిన్న పరిమాణంలో, పెద్ద బంతి బరువుతో ఉంటుంది. ఆరుగురే ఉండడం వలన ప్రతి ఆటగాడికీ రీబౌండ్ కోసం పోటీపడక తప్పదు. పొట్టివాడిని దూరంగా నిలబెట్టి బంతి అందించే పని మాత్రమే అప్పగించడం ఇందులో కుదరదు. రీబౌండ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.

నేల కూడా ఒక అంశమే. పాఠశాలలలో, కాలనీ పార్కులలో ఎక్కువగా సిమెంటు నేలలే. గెంతి దిగేటపుడు మోకాళ్ళపై పడే ఒత్తిడి శరీర బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. చెక్క నేల కొంత ఒత్తిడిని తాను తీసుకొంటుంది, సిమెంటు తీసుకోదు. రోజూ వందల గెంతులు గెంతేవారికి మోకాలిచిప్ప కింది స్నాయువు నొప్పి పట్టుకొనేది ఇందుకే. సిమెంటుపై ఆడేవారు గెంతు సాధనను వారానికి రెండు మూడు రోజులకు పరిమితం చేసి, మిగిలిన రోజులలో మట్టి లేదా గడ్డి నేలను వాడడం మంచిది. మునివేళ్ళపై దిగి మోకాళ్ళు మెత్తగా వంచడం, రెండు కాళ్ళపై దిగడం అలవాటు చేయాలి. బుట్ట కింద దిగేటపుడు మరొకరి పాదంపై పడి చీలమండ బెణకడం ఈ ఆటలో అతి సాధారణమైన గాయం.

బాలికల విషయం

మోకాలిలోని ముందరి క్రూసియేట్ లిగమెంట్ తెగే ప్రమాదం ఈ ఆటలో పురుషులకన్నా స్త్రీలకు గణనీయంగా ఎక్కువ. తుంటి నిర్మాణం, దిగేటపుడు మోకాళ్ళు లోపలికి వాలడం, తొడ వెనుక కండరాల బలం చాలకపోవడం దీనికి చెప్పే కారణాలు. ప్రతి సాధనకు ముందు పదిహేను నిమిషాలు సమతూకం, దిగే పద్ధతి, కండర బలం పెంచే కసరత్తులు చేయిస్తే ఈ ప్రమాదం తగ్గుతుందని తేలింది. దీనికి ఖర్చు లేదు, చేయించే మనిషి ఉంటే చాలు.

రక్తహీనత అంతకన్నా విస్తృతమైన సమస్య. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 - 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. అటువంటి బాలిక మొదటి పది నిమిషాలు బాగానే గెంతి, తరువాత వెనుకబడుతుంది. ఆమెను బద్ధకస్తురాలని మందలించడం కన్నా రక్తపరీక్ష చేయించడం మేలు.

ఎంపికలో ఎత్తు

తెలంగాణలోని హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగవ తరగతి ప్రవేశానికి ఎత్తు, బరువులతోపాటు 30 మీటర్ల పరుగు, నిలువు గెంతు, నిలబడి దూరం గెంతడం, షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, శరీరం వంగే గుణం, 800 మీటర్ల పరుగు పరీక్షిస్తారు. ఇన్ని కోణాలు చూడడం సరియైన పద్ధతి. చాలా పాఠశాలలలో జట్టును వరుసలో నిలబెట్టి పొడుగువారిని ఏరడంతోనే ఎంపిక ముగుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక దోషమున్నది. బాలికలు సాధారణంగా 11 - 12 ఏళ్ళకు, బాలురు 13 - 14 ఏళ్ళకు అతివేగంగా పెరుగుతారు, కాని ఈ వయసు పిల్లవానికీ పిల్లవానికీ రెండు మూడేళ్ళు తేడాగా ఉండవచ్చు. పన్నెండేళ్ళకు తరగతిలో అందరికన్నా పొడుగ్గా ఉన్నవాడు ముందుగా పెరిగినవాడే కావచ్చు. పదహారు వచ్చేసరికి అతడు మధ్యస్థుడవుతాడు. ఆనాడు వెనక్కు పంపబడినవాడు అప్పటికి అతన్ని దాటిపోయి ఉంటాడు, కాని ఆట మానేసి నాలుగేళ్ళయి ఉంటుంది. తల్లిదండ్రుల ఎత్తులనుబట్టి ఒక అంచనా వేయవచ్చు. ఇద్దరి ఎత్తులు కూడి, బాలుడికి 13 సెం.మీ. కలిపి, బాలికకు 13 సెం.మీ. తీసివేసి, రెండుతో భాగించాలి. తండ్రి 168 సెం.మీ., తల్లి 155 సెం.మీ. అయితే కుమారుని అంచనా 168, కుమార్తె అంచనా 155. అసలు ఎత్తు దీనికి అటు ఇటు ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు మారవచ్చు కనుక ఈ అంకెను చూసి ఎవరినీ తీసివేయరాదు.

ఎత్తు ఉన్నంతమాత్రాన దారి తెరుచుకోదనడానికి పంజాబుకు చెందిన సత్నాం సింగ్ ఉదంతం చూడవచ్చు. 218 సెం.మీ. ఎత్తున్న ఇతడిని 2015లో డాలస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకొన్నది. ఎన్.బి.ఏ. ఎంపికలో చోటు పొందిన తొలి భారతీయుడు ఇతడే. అయినా ఆ లీగులో ఒక్క ఆట కూడా ఆడే అవకాశం అతనికి రాలేదు.